గడప దాటని కిస్మిస్

పోయిన వారం మనం ఎవాన్థియాని పశువుల ఆసుపత్రి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో కుక్క అస్ప్రో మెడపట్టీ. ఎదురుగా డాక్టరమ్మ. ఆమె రబ్బరు తొడుగు మీద తడిసి ఉబ్బిపోయిన కిస్మిస్ పళ్లు నాలుగో ఐదో.

"ఇదిగోనమ్మా, మీ కుక్క కక్కినవి ఇవి. కొన్ని కుక్కలకి బకెట్టుడు తిన్నా ఏమీ కాదు. కొన్నిటికి గుప్పెడు చాలు, కిడ్నీలు పోతాయి. రెండ్రోజులు సెలైన్ మీద ఉంచుదాం, ఆ తర్వాత చెప్తాను. మీ ఇంట్లో ఎక్కడ దొరికాయి దానికి ఇవి?"

ఆస్ట్రేలియాలో మర్రే నది ఒడ్డున ఈ మర్బీన్ చుట్టుపక్కల కిస్మిస్ లేని ఇల్లు ఒకటి ఉందంటే, అది గ్రీసు నుంచి వచ్చి స్థిరపడ్డ ఎవాన్థియాదే మరి. ఇంటి చుట్టూ సుల్తానా ద్రాక్ష తోట. ఇంటి వెనక రేకుల కింద, తీగవలలు అంతస్తులుగా కట్టిన ద్రాక్ష ఆరబెట్టే పందిరి. మాఘంలో వచ్చే అక్కడి ఎండాకాలపు ఎండలకి అందులో బంగారం రంగుకి తిరుగుతున్న పళ్లు. ఇంట్లోకి మాత్రం ఒక్కటి రాదు. రెండేళ్ల కిందట మొగుడు మనూసోస్ కిడ్నీలు చేతులెత్తేసిన రోజునే ఆవిడ గడప మీద నిలబడి కచ్చితంగా చెప్పింది. "ఈ గడప దాటి ఒక్క కిస్మిస్ లోపలికొచ్చిందంటే, నేను బయటికి పోతాను" అని.

డాక్టరమ్మ కుక్క కక్కినదాంట్లో మిగతాది ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చింది. ఎవాన్థియా కారెక్కి సంచి పక్క సీటు మీద పెట్టుకుని బయల్దేరింది.

ఆ సంచి వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఎన్నాళ్లయింది కిస్మిస్‌ని ఇంత దగ్గరగా చూసి.

ఒకప్పుడు ఆ వంటగదిలో అది లేని పూట ఉండేది కాదు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టేటప్పుడు చిన్న నల్ల రకం పళ్లు, పైన్ గింజలు. ఉప్పుచేప టమాటా పులుసులో గుప్పెడు, పులుపుని తీపితో కళ్లెం వేసినట్టు పట్టుకోడానికి. బొంబాయిరవ్వ హల్వాలో మరో గుప్పెడు, వేడి ఆలివ్ నూనెలో వేయగానే బుడగల్లా ఉబ్బేవి, అప్పుడే తీసెయ్యాలి, ఒక్క క్షణం ఆగితే మాడి చేదెక్కుతాయి. రొట్టెలో వెయ్యాలంటే ముందురోజే గోరువెచ్చటి టీ నీళ్లలో నానబెట్టేది, లేకపోతే అవి పిండిలో తడినంతా లాగేసుకుని రొట్టెని ఎండగట్టేస్తాయి. పక్క తోట ఆస్ట్రేలియా ముసలావిడ అయితే మసాలా పొడి వేసిన సాసేజీ కూరలో కూడా కిస్మిస్ పోసేది. మొదటిసారి తిన్నప్పుడు మనూసోస్ ముఖం చూడాలి. మర్యాదకి రెండోసారి వడ్డించుకుని, ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు.

అదంతా ఒక్కరోజులో ఆగిపోయింది. ఆసుపత్రిలో ఆహారం సంగతి చెప్పే అమ్మాయి కాగితం మీద పెద్దగా పొటాషియం అని రాసి చూపించింది. "మీ పంట మంచిదేనమ్మా. ఇనుముంది, పీచుంది, ఎముకలకి మంచిది, ఆకలేసిన పిల్లాడికి గుప్పెడు పెడితే సాయంత్రం దాకా పరిగెడతాడు. కానీ నాలుగు కిలోల ద్రాక్ష ఎండితే ఒక కిలో వస్తుంది కదా, నీళ్లు పోయి మిగతాదంతా చిక్కబడుతుంది. మంచీ చిక్కబడుతుంది, చెడూ చిక్కబడుతుంది. తూకానికి తూకం చూస్తే పొటాషియం అరటిపండుకి రెట్టింపు. మీకూ నాకూ ఎక్కువైంది ఒంట్లోంచి పోతుంది. ఆయనకి పోయే దారి లేదు. నెత్తురులో నిలిచిపోతుంది. ఒకరోజు గుండె ఆగిపోతుంది, చెప్పాపెట్టకుండా" అంది.

ఆ రోజు నుంచి ఎవాన్థియా బంగాళాదుంపల్ని కూడా సన్నగా తరిగి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండింది. టమాటా మానేసింది, నారింజ మానేసింది. అయినా నెలనెలా రక్తపరీక్షలో పొటాషియం ఎక్కువే. ప్రతిసారీ ఎక్కువే. ఆవిడ నిద్రలో కూడా వంట సరిచూసుకునేది.

ఇప్పుడు ఆ సంచిలోంచి ఒక వాసన వస్తోంది. ఎండ వేడికి కారులో పైకి లేస్తోంది. కుక్క పొట్టలోది కాదు ఆ వాసన. లవంగం, నారింజ తొక్క.

ఎవాన్థియా దారి పక్కన కారు ఆపేసింది. సంచి ఎత్తి వెలుగులో చూసింది. కిస్మిస్ పళ్ల మధ్య అక్రోటు ముక్కలు. పందిరి కింద కుక్క ఏరుకు తిన్న పళ్లు కావివి. ఎవరో రొట్టె చేశారు. గుడ్డు లేదు, పాలు లేవు, ఉపవాస దినాల రొట్టె. ఈ ఊళ్లో ఆ రొట్టెలో లవంగం అంత ధారాళంగా వేసే చెయ్యి ఒక్కటే ఉంది.

ఆవిడ ఆడపడుచు చెయ్యి.

---

మనూసోస్ పందిరి కింద ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. పై అంతస్తు దులిపి, రాలిన పళ్లని ప్లాస్టిక్ పరదా మీద ఎండకి పరిచి, రేకు నీడలో సేద తీరుతున్నాడు. డయాలసిస్ మనిషికి ఆ మాత్రం పనికే ఊపిరి అందదు. చేతులకి మోచేతుల దాకా పచ్చ రబ్బరు తొడుగులు.

ఆ తొడుగుల సంగతి ఇక్కడ చెప్పాలి, లేకపోతే ఎవాన్థియా గుండె ఎక్కడ పగిలిందో మీకు తెలియదు.

కోసిన ద్రాక్షని ఆరబెట్టే ముందు పొటాష్, నూనె కలిపిన నీళ్లలో ముంచుతారు. అప్పుడే తోలు మెత్తబడి తొందరగా ఆరతాయి, రంగు నిలుస్తుంది. పొటాషియం ఎక్కడిదో తెలియక జుట్టు పీక్కుంటున్న రోజుల్లో ఎవాన్థియాకి ఒక రాత్రి తట్టింది: పొటాష్, పొటాషియం రెండూ ఒకటే జాతి కదా, ముంచేటప్పుడు చేతుల్లోంచి ఒంట్లోకి ఎక్కుతోందేమో అని. ద్రాక్ష పండించేవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాని అనుమానం అది. మొగుణ్ణి అడిగింది. మనూసోస్ తన అరచేతుల వంక చూసుకుని "అయ్యుండొచ్చు" అన్నాడు. అంతే, తొడుగులొచ్చాయి, అతని బట్టలు విడిగా ఉతకడం వచ్చింది, ముంచే తొట్టి దగ్గరికి అతన్ని రానివ్వకుండా రెండు పంటలు ఆవిడే మోకాళ్ల మీద కూర్చుని ముంచింది. పొటాష్‌కి ఆవిడ వేళ్లు పగుళ్లిచ్చాయి.

"అస్ప్రో ఎలా ఉంది?" మనూసోస్ లేవబోయాడు.

"బతికుంది. దానికి కిస్మిస్ ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారు? తోటలో కుక్క. పందిరి కింద రాలినవి ఏరుకుని ఉంటుంది."

"అక్రోటు కూడా రాలిందా నీ పందిరికి?"

అతను పరదా మీది పళ్ల వైపు తిరిగాడు.

ఎవాన్థియా సంచి అతని మోకాలి మీద పెట్టింది. "నారింజ తొక్క ఉంది, లవంగం ఉంది. ఏ కొమ్మకి కాశాయో చూపించు, నేనూ కోసుకుంటాను."

తేలు కుట్టిన దొంగలా అతను తొడుగుల్లో వేళ్లు ముడుచుకున్నాడు. అప్పుడు చూసింది ఎవాన్థియా. పీట కింద, ఇటుకల చాటున, గుడ్డలో చుట్టిన పొట్లం. వంగి తీసింది. సగం తిన్న రొట్టె, ఒక అంచు కుక్క లాగినట్టు చినిగి ఉంది. అది నిన్నటిది. ఒక పక్క ఇప్పుడే కొరికినట్టు పంటి గుర్తు తడిగా ఉంది.

"ఒక్క ముక్క..." అన్నాడు.

"రేపు డయాలసిస్. శనివారం రక్తం కడిగాక మళ్లీ ఒంట్లోంచి చుక్క బయటికి పోలేదు. ఈ రెండ్రోజులూ అన్నిటికంటే ప్రమాదం అని చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే కూర్చున్నావు."

"నీ మాట తప్పలేదు ఎవాన్థియా. గడప దాటి ఒక్కటి కూడా లోపలికి తీసుకురాలేదు. ఇక్కడే తిన్నాను."

ఆ జవాబు విన్నాక ఆవిడకి కోపం కూడా రాలేదు. దొంగ దొరికితే తిడతాం. దొరికినవాడు లాయరులా మాట్లాడితే ఏం చేస్తాం.

దుమ్ము లేపుకుంటూ ఆర్గిరో బండి వచ్చి ఆగింది. మనూసోస్‌కి పెద్దక్క. రెండో పక్క తోట ఆవిడదే. డెబ్బై దాటినా బండి తనే నడుపుతుంది, గేరు మార్చినప్పుడల్లా ఊరంతా వినబడుతుంది. నల్ల గౌను చేతి అంచుతో చెమట తుడుచుకుంటూ దిగింది.

"ఏంటంట కుక్కకి? కిస్మిస్ తిందని ఆసుపత్రిలో పెట్టారా? మా క్రీట్ దీవిలో కుక్కలు తిని, ఆపై పళ్లెం కూడా నాకి పెట్టేవి. ఈ దేశంలో కుక్కలు కూడా నాజూకు" అంటూ వచ్చి, ఎవాన్థియా చేతిలో పొట్లం చూసి ఆగింది.

"నీదేనా వదినా?"

"నాదే. దొంగిలించానా ఏంటి? పుణ్యాత్ముడు ఫనూరియోస్ పేరు మీద చేసిన రొట్టె. తొమ్మిది దినుసులు, లెక్క తప్పలేదు. నిన్న గుడిలో ఫాదరు దీవించాడు. పంచాలి కదా, పంచాను."

"నీ తమ్ముడికి అది విషం అని తెలిసి పంచావు."

"దేవుడి రొట్టె విషమవుతుందా పెళ్లికూతురా?" ఆర్గిరో ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. ఇంటికొచ్చిన కోడలు వాళ్లలో ఎన్నేళ్లయినా పెళ్లికూతురే. "కొండ మీద చలికాలం మాకు మాంసం ఉండేదా, పాలుండేవా? మా అమ్మ పొద్దున్నే జేబుల్లో కిస్మిస్, అక్రోటు పోసి మేకల వెనక పంపేది. అదే తిని పెరిగాం. అదే తిని వీడికి రక్తం పట్టింది. ఆ కాగితాల పిల్లకి ఏం తెలుసు?"

"ఆ రక్తాన్నే వదినా, వారానికి మూడుసార్లు బయటికి తీసి కడిగి మళ్లీ లోపల పోస్తున్నాం. నేను తీసుకెళ్తున్నాను. అక్కడ కూర్చుంటున్నాను. నువ్వొకసారి వచ్చి చూడు, ఆ తర్వాత రొట్టె చేద్దువుగాని."

ఆర్గిరో ముఖం ముడుచుకుంది. "నా మీద అరుస్తావేంటి? నేనేమన్నా బతిమాలి పెట్టానా? వాడే అడిగాడు. నెలనెలా అడుగుతాడు. 'అక్కా, ఎల్లుండి రక్తం తీస్తారు, ధైర్యానికి ఫనూరియోస్ రొట్టె చెయ్యవే' అని. పోన్లే పాపం, సూదంటే భయం అనుకున్నాను. చిన్నప్పుడు కందిరీగకే ఏడ్చేవాడు."

"అక్కా, ఇక చాలు" అన్నాడు మనూసోస్.

కానీ ఆ మాట బయటపడిపోయింది.

ఎవాన్థియా కదల్లేదు. పరదా మీద పరిచిన పళ్ల మీద కందిరీగలు వాలుతున్నాయి, వాటి వంక చూస్తూ ఉండిపోయింది. నోరు కట్టుకోలేక తిన్నాడనుకుంది ఇంతసేపూ. తోట వాడి నోరు, పళ్లు కొరికి చూడకుండా ఉండలేదు, అది ఆవిడ అర్థం చేసుకోగలదు. తిట్టి, ఏడ్చి, క్షమించగలదు. కానీ నోరు కట్టుకోలేనివాడు రోజూ తింటాడు. ఇతను నెలకోసారి తిన్నాడు. రక్తం తీసే ముందు మాత్రమే తిన్నాడు.

ఆ రక్తపరీక్ష చూసే కదా మెల్‌బోర్న్ డాక్టర్లు ఆపరేషన్ ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేసింది. 'పథ్యం పాటించని మనిషికి కొత్త కిడ్నీ పెట్టి ఏం లాభం' అని.

ఆ కొత్త కిడ్నీ ఎవాన్థియాది.

"నాది నీకు వద్దు" అంది నెమ్మదిగా. అది ప్రశ్న కాదు.

మనూసోస్ తలెత్తలేదు. "వద్దు."

"చెప్పొచ్చు కదా."

"చెప్పాను. మొదటి రోజే చెప్పాను. నువ్వు నోర్ముయ్యమన్నావు."

అది నిజమే. వంటగదిలో, గిన్నెలు కడుగుతూ అంది. కానీ అలా నోర్ముయ్యమన్నంత మాత్రాన ఇంత పని చేస్తారా ఎవరైనా?

"మన అమ్మాయి కల్లిరోయి పుట్టినప్పుడు" అన్నాడు అతను, "నిన్ను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. డాక్టరు బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. మాట రాక. మూడ్రోజులు నువ్వు కళ్లు తెరవలేదు. ఆ నడవాలో నేను మొక్కుకున్నాను. ఇది లేస్తే చాలు, మళ్లీ జన్మలో దీన్ని కత్తి కిందకి పంపను అని. మొక్కు మొక్కే, ఎవాన్థియా."

"నా ఒంటి మీద మొక్కు మొక్కావు. నన్నడక్కుండా."

"నువ్వు నిద్రలో ఉన్నావుగా."

"తర్వాత లేచాను. ఇన్నేళ్లుగా లేచే ఉన్నాను."

ఆర్గిరో ఎండలోంచి నీడలోకి జరిగింది.

ఎవాన్థియా వంగి అతని ముంజేయి పట్టుకుని ఆ పచ్చ తొడుగు లాగేసింది. రెండోది కూడా. లోపల చేతులు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. తన చేతులు పక్కన పెట్టింది. పగుళ్లు, గోళ్ల దగ్గర మానని పుళ్లు.

"చూడు. రెండు పంటలు ముంచాను నీ బదులు. నీ బట్టలు విడిగా ఉతికాను. పొటాష్ చేతుల్లోంచి ఎక్కుతుందా అని అడిగితే అయ్యుండొచ్చు అన్నావు. నవ్వొచ్చిందా అప్పుడు?"

"నవ్వు రాలేదు. దేవుడి తోడు రాలేదు."

"డాక్టరు నా ముఖం మీద అన్నాడు, మీ వంటలోనే ఎక్కడో తప్పుందమ్మా అని. గుర్తుందా? నువ్వు పక్కన కూర్చుని తలూపావు మనూసో. తిన్నందుకు కాదు, తలూపావే, దానికేం చెప్తావు నాకు?"

కంచె చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి అంటారు. ఆవిడ చెప్పుకోడానికి ఈ భూమ్మీద ఉన్న ఒక్క మనిషి ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నాడు.

ఇంకొక సంగతి ఆవిడకి గుర్తొచ్చింది. మెల్‌బోర్న్‌లో దాతల పనులు చూసే రొవీనా అనే నర్సమ్మ ఆవిణ్ణి ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి చెప్పింది: "మీకు ఆఖరి నిమిషంలో ఇవ్వాలనిపించకపోతే నాకొక్క మాట చెప్పండి. మీ ఒళ్లు సరిపోలేదని మేమే ఆయనకి చెప్తాం. మీరు వద్దన్నారని ఎప్పటికీ తెలియనివ్వం." అప్పుడు ఎవాన్థియా నవ్వేసింది. "మాకు అలాంటివి అక్కర్లేదమ్మా. మా ఇద్దరి మధ్యా దాపరికాలు లేవు" అంది. గర్వంగా కూడా అంది.

"ఫనూరియోస్ పోయినవి చూపించే దేవుడు" అంది ఇప్పుడు, మొగుడి వైపు చూడకుండా. "ఆయన రొట్టె చేయించుకునేవాడు ఏదో ఒకటి కనబడాలని అడుగుతాడు. నెలనెలా ఏమడిగావు?"

"నాన్న ఉంగరం కదరా? పోయిన ఏడు కాలవలో పడిపోయింది, అదే కదా?" అంది ఆర్గిరో.

మనూసోస్ తల అడ్డంగా ఊపాడు. "ఇంకో కిడ్నీ" అన్నాడు. "ఎవరిదైనా. ఎవాన్థియాది తప్ప. ఆ ఆపరేషన్ వాయిదా పడుతూ ఉంటే ఈ లోపల అది దొరుకుతుందేమోనని."

ఆర్గిరో గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "చనిపోయినవాళ్లది అడిగావా? రొట్టె మీదా? ఎవరో చావాలని నా చేత రొట్టె చేయించావా దరిద్రుడా?"

"చావాలని అడగలేదక్కా. దొరకాలని అడిగాను."

"దానికీ దీనికీ తేడా ఏంటో ఫాదర్‌ని అడిగి చెప్తాను, ఉండు" అంటూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

అప్పుడు ఎవాన్థియా ఫోన్ మోగింది.

పశువుల డాక్టరమ్మేమో అనుకుంది. అస్ప్రో పోయిందేమో. నంబరు చూసింది. మెల్‌బోర్న్.

"ఎవాన్థియా గారా? రొవీనాని. మీ ఆయన ఫోన్ తియ్యట్లేదు. ఆయన పక్కనే ఉన్నారా? ఒక్క నిమిషం జాగ్రత్తగా వినండి." ఆ గొంతులో ఎప్పుడూ లేని తొందర ఉంది. "ఒక కిడ్నీ వచ్చింది. మీది కాదు. పొద్దున చనిపోయిన ఒకరిది, ఇంటివాళ్లు ఇచ్చారు. మీ ఆయనకి చాలా బాగా సరిపోయింది. సాయంత్రం విమానంలో మీరు బయల్దేరగలిగితే ఈ రాత్రికే పెట్టేస్తారు. మీరిక కోయించుకోనక్కర్లేదు. వింటున్నారా?"

వింటోంది. ఫోన్ చెవికి ఆనించలేదు, స్పీకర్ మీద ఉంది, మాటలు పందిరి కింద ముగ్గురికీ వినబడుతున్నాయి. ఆర్గిరో పందిరి రాట పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. మనూసోస్ ముఖంలో రంగు వచ్చి పోయింది. అతని పెదవులు ఆ పుణ్యాత్ముడి పేరు పలికాయి, శబ్దం లేకుండా.

"ఒక్కటే అడగాలి" అంది రొవీనా. "వరసలో ఆయన తర్వాత ఇంకొకరున్నారు, వాళ్లు ఇక్కడే ఊళ్లో ఉన్నారు. మీ ఆయనకి డయాలసిస్ రేపు కదా. పొటాషియం ఎక్కువుంటే బల్ల మీద గుండె ఆగిపోతుంది, మత్తు ఇవ్వరు. ముందు రక్తం కడగాలి, దానికి గంటలు పడుతుంది, కిడ్నీ అంతసేపు ఆగదు. ఆయన మామూలుగా ఉంటే పిలిపిస్తాను, లేకపోతే వాళ్లని పిలుస్తాను. ఆయన చెప్పేది నేను నమ్మను, మీరు చెప్తే నమ్ముతాను. నిన్నటి నుంచి తినకూడనిది ఏమైనా తిన్నారా?"

మనూసోస్ గడ్డం పైకెత్తి కనుబొమలు ఎగరేశాడు. వాళ్ల కొండల్లో దానికి ఒకటే అర్థం. లేదని చెప్పు.

ఎవాన్థియా చేతిలో ఇంకా ఆ రొట్టె ఉంది. పంటి గుర్తు ఆరిపోతోంది. ఈ రెండేళ్లలో ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు చెప్పింది ఆవిడే. ఏం తిన్నాడు, ఎంత తాగాడు, ఎలా పడుకున్నాడు. 'లేదమ్మా, ఏమీ తినలేదు, నాది పూచీ' అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ పూచీలన్నీ అబద్ధాలని ఇవాళే తెలిసింది. ఇంకొక్కటి చెప్తే నష్టమేముంది. అబద్ధం చెప్తే అతనికి తను అడిగిన కిడ్నీ వస్తుంది, లేదా బల్ల మీద గుండె ఆగుతుంది. నిజం చెప్తే కిడ్నీ ఎవరింటికో పోతుంది, మళ్లీ తన ఒళ్లే మిగులుతుంది.

"ఎవాన్థియా గారూ?"

"తిన్నాడు" అంది.

"ఏం తిన్నారు? ఎంత?"

"అది నాకు తెలియదమ్మా. నేను చూసుకుంటున్నాననుకున్నాను గాని, నాకేమీ తెలియదు. ఆయన్నే అడగండి. నిజం చెప్తాడో లేదో మీరూ చూడండి, నేనూ చూస్తాను."

ఫోన్ మొగుడి చేతిలో పెట్టింది. తొడుగు లేని ఆ తెల్లటి అరచేతికి రొట్టె జిగురు ఇంకా ఉంది, ఫోన్ అందులో అంటుకుంది.

"మనూసోస్ గారూ, వినబడుతోందా? టైం లేదు. ఏం తిన్నారు?"

అతను ఎవాన్థియా వైపు చూశాడు, ఎప్పట్లాగే, ఆవిడ చెప్తుందని.

ఆవిడ అప్పటికే రొట్టె పీట మీద పెట్టేసి, జేబులోంచి అస్ప్రో మెడపట్టీ తీసుకుని, ఎండలోకి కారు వైపు నడుస్తోంది. వెనక అతను గొంతు సవరించుకోవడం వినబడింది. అడుగు ఆగింది. తిరిగి మాత్రం చూడలేదు.